ముఖంలో దాగిన నాడి

నెలలు నిండకుండా పుట్టిన శిశువు చర్మం తడిసిన కాగితమంత సున్నితం. గుండె కొట్టుకొనే తీరును గమనించేందుకు ఛాతీకి అంటించిన జిగురు పట్టీని ఊడదీస్తే, దానితోపాటు చర్మపు పొర కూడా లేచిరావచ్చు. అట్లని గమనించడం మానుకొనే వీలులేదు. ఆ పసిగుండె ఏ క్షణాన మందగిస్తుందో చెప్పలేము. తాకకుండానే నాడి చూడగలిగితే?

వింతగా తోచినా, ఆ నాడి ముఖం మీదనే ఉన్నది. గుండె కొట్టుకొన్న ప్రతిసారీ ముఖచర్మంలోని సన్నని నాళాలలోకి నెత్తురు ఉబికివస్తుంది. నెత్తురులోని హిమోగ్లోబిన్ ఆకుపచ్చని కాంతిని విశేషంగా పీల్చుకొంటుంది. ఆ లిప్తలో ముఖపు రంగు రవంత మారుతుంది. మన కంటికి ఆనని ఆ మార్పు కేమెరాకు ఆనుతుంది. మామూలు వెలుతురులో, సాధారణ డిజిటల్ కేమెరాతో ఈ సంగతిని విమ్ వెర్‌క్రూయిస్ బృందం 2008లో చూపించింది.

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో మింగ్-జర్ పో, డేనియల్ మెక్‌డఫ్, రోజలిండ్ పికార్డ్ 2010లో లాప్‌టాప్ కంప్యూటరుకు అమర్చి ఉండే చిన్న కేమెరానే ఇందుకు వాడుకొన్నారు. సెకండుకు 15 బొమ్మలు. బొమ్మకు 3,07,200 చుక్కలు. చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లను తెలిపే మూడు అంకెలు. ప్రోగ్రాం మొదట ముఖాన్ని వెదికి చుట్టూ గడి గీస్తుంది. తరువాత గడిలోని చుక్కలన్నిటికీ సరాసరి కడుతుంది. ఒంటరి చుక్క మాట నమ్మరానిది. వేలాది చుక్కలను కలిపితే వాటి తప్పులు చాలావరకు ఒకదానినొకటి రద్దుచేసుకొంటాయి. అంత బొమ్మలోనూ చివరకు మిగిలేది మూడే అంకెలు! బొమ్మ వెంట బొమ్మగా పేర్చితే అవి అలలవుతాయి. తల కదలిక, వెలుతురు మార్పు కూడా ఆ అలలలో కలిసిపోయి ఉంటాయి గనుక గణితంతో వాటిని విడదీయాలి. నిముషానికి 45కు తక్కువగానో, 240కి ఎక్కువగానో ఊగేవాటిని త్రోసిపుచ్చగా, మిగిలినవాటిలో బలమైనదే నాడి. 12 మందిపై పరీక్షించి, వేలికి తొడిగిన పరికరంతో పోల్చిచూస్తే ఫలితాలు దగ్గరగా వచ్చాయి. ఎదుట నిలుచున్నవారి నాడిని అప్పటికప్పుడే చూపే అద్దాన్ని కూడా 2011లో పో బృందం ప్రదర్శించింది.

మనవంటి దేశాలకు అసలు చిక్కు మరొకటి. చామనఛాయ, నల్లని మేనులలోని మెలనిన్ కాంతిని తానే పీల్చివేస్తుంది. కేమెరాకు చేరే జాడ బలహీనమవుతుంది. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో మయాంక్ కుమార్, అశోక్ వీరరాఘవన్, ఆశుతోష్ సభర్వాల్ 2015లో దీనికొక ఉపాయం ప్రకటించారు. ముఖమంతటినీ ఒక్కటిగా చూడక ముక్కలుగా విభజించి, నాడి స్పష్టంగా పలికే చోట్లకు ఎక్కువ విలువ ఇచ్చారు. లెక్క మెరుగుపడింది.

అయినా శిశువు ఏడ్చి ముఖం తిప్పుకొంటే, నర్సు చేయి అడ్డువస్తే, అల చెదిరిపోతుంది. అటువంటి వేళ ఆమె మళ్లీ ఛాతీమీది పట్టీనే నమ్ముకోవాలి.