పశువులకు, గుర్రాలకు సురక్షితమైన మేత ఎంపిక

పశుగ్రాసాల విషయంలో రైతు సాధారణంగా అడిగే ప్రశ్న ఒక్కటే: "ఈ గడ్డి మంచిదేనా?" దిగుబడి, మాంసకృత్తుల శాతం, కోతల సంఖ్య చెప్పి విస్తరణ సిబ్బంది దీనికి సమాధానమిస్తుంటారు. అయితే మేపేది ఏ జంతువును, కోసేది ఏ దశలోని పైరును, ఆ పైరు ఎటువంటి వాతావరణంలో పెరిగింది అనే మూడు అంశాలు తెలియనిదే ఆ సమాధానం పూర్తి కాదు. ఆవులు, గేదెలు నిశ్చింతగా మేసే గడ్డి గుర్రానికి హాని చేయవచ్చు. గుర్రం తట్టుకోగల మేత పశువును గంటలోపే చంపవచ్చు.

జీర్ణవ్యవస్థలో తేడా

నెమరువేసే పశువులలో మేత మొదట పెద్ద పొట్టలో, అనగా రూమెన్‌లో, సూక్ష్మజీవుల చర్యకు లోనవుతుంది. గుర్రానిది ఒకే గది గల జీర్ణాశయం. దానిలో సూక్ష్మజీవుల చర్య ప్రధానంగా చిన్న ప్రేగు దాటిన తరువాత, అంధనాళంలోను పెద్ద ప్రేగులోను జరుగుతుంది. మేతలోని విషపదార్థాన్ని సూక్ష్మజీవులు ముందుగా తాకుతాయా, తరువాత తాకుతాయా అన్నదానిపైనే ప్రమాదం చాలావరకు ఆధారపడి ఉంటుంది.

జొన్న, నాము

కోసిన జొన్న మోళ్ల నుండి వచ్చే పిలకలను రైతులు నాము అంటారు. నాము మేసిన పశువు కూలిపోతుందన్న అనుభవం పల్లెల్లో పాతదే. లేత జొన్న ఆకులలో ధురిన్ అనే పదార్థం అధికంగా ఉంటుంది. ఆకు నలిగినపుడు ఎంజైముల చర్య వలన దీని నుండి హైడ్రోసయనిక్ ఆమ్లం వెలువడుతుంది. రూమెన్‌లోని పరిస్థితులు ఈ చర్యకు అనుకూలం. గుర్రం జీర్ణాశయంలోని ఆమ్లం ఆ ఎంజైములను చాలావరకు నిరోధిస్తుంది. అందువలన ఆకస్మిక మరణాలు పశువులలోనే ఎక్కువ. అయినప్పటికీ జొన్న, సూడాన్ గడ్డి పైర్లలో వారాల తరబడి మేసే గుర్రాలలో మూత్రాశయం పట్టు తప్పడం, వెనుక కాళ్లు తడబడడం కనిపిస్తాయి. కనుక వీటిని గుర్రాల మేతగా సిఫారసు చేయరాదు.

తాజా మేతలో ఈ ఆమ్లం 200 పి.పి.ఎం. మించితే పశువులకు ప్రమాదకరంగా పరిగణిస్తారు. జొన్నను సగం మొక్కలు పూతకు వచ్చిన దశలో కోయడం క్షేమకరం. బెట్టకు వాడిన పైరును, వర్షం పడిన వెంటనే చిగిర్చిన పిలకలను మేపరాదు. ఎండబెట్టినా, పాతర వేసినా ఈ విషం చాలావరకు తగ్గుతుంది. ఆకలితో ఉన్న పశువును నేరుగా జొన్న చేలోకి వదలక, ముందుగా ఎండుగడ్డి వేయాలి.

నైట్రేటు

నత్రజని అధికంగా వేసి, బెట్ట లేదా వరుసగా మబ్బు పట్టిన రోజుల తరువాత కోసిన జొన్న, మొక్కజొన్న, సజ్జ మేతలలో నైట్రేటు పేరుకుంటుంది. రూమెన్‌లోని సూక్ష్మజీవులు దీనిని మరింత విషపూరితమైన నైట్రైటుగా మారుస్తాయి. హైడ్రోసయనిక్ ఆమ్లం వలె నైట్రేటు ఎండబెట్టినంత మాత్రాన పోదు. కాండం అడుగుభాగంలో ఇది అధికం కాబట్టి కోత ఎత్తు పెంచాలి.

ఈ రెండు విషాలను వేరుగా గుర్తించడం ప్రాణావసరం. సయనైడు సోకిన పశువు రక్తం మెరిసే ఎరుపుగాను, నైట్రేటు సోకిన పశువు రక్తం చాక్లెట్ రంగులోను ఉంటుంది. సయనైడు చికిత్సలో పశువైద్యులు సోడియం థయోసల్ఫేటుతో పాటు సోడియం నైట్రైటు వాడతారు. నైట్రేటు సోకిన పశువుకు అదే నైట్రైటు ఇస్తే ప్రాణాపాయం పెరుగుతుంది. దానికి విరుగుడు మిథిలీన్ బ్లూ. ఏ మేత, ఎప్పుడు కోసినది, ఎంత ఎరువు వేసినది అన్న వివరాలను విస్తరణ సిబ్బంది వైద్యునికి వెంటనే అందించాలి.

ఆక్సలేటు, గుర్రం ఎముకలు

సజ్జ-నేపియర్ సంకర గడ్డి పాడి పశువులకు పేరుపొందిన మేత. దీనిలోను, సెటేరియా, అంజన్ జాతి గడ్డులలోను ఆక్సలేటు గణనీయంగా ఉంటుంది. అలవాటు పడిన పశువుల రూమెన్‌లోని సూక్ష్మజీవులు దీనిని విచ్ఛిన్నం చేస్తాయి. గుర్రంలో మాత్రం ఆక్సలేటు చిన్న ప్రేగులోనే కాల్షియంను బంధిస్తుంది. రక్తంలో కాల్షియం నిలపడానికి శరీరం ఎముకల నుండి దానిని తీసుకుంటుంది. నెలలు గడిచేసరికి ముఖం ఎముకలు ఉబ్బి, నడక కుంటుపడుతుంది. మేతలో కాల్షియం పాళ్లు ఆక్సలేటులో సగానికి తగ్గినపుడు ఈ ముప్పు ఎక్కువ. మేత సమృద్ధిగా ఉన్నా గుర్రం కుంటుతుంటే కారణాన్ని గడ్డిలో వెదకాలి. గరిక, రోడ్స్ గడ్డి, ఓట్స్ మేత గుర్రాలకు అనువైనవి. కాల్షియం అధికంగా గల లూసర్న్‌ను మితంగా చేర్చవచ్చు.

దాణా, నిల్వ

పశువుల, కోళ్ల దాణాలో కలిపే మోనెన్సిన్ గుర్రానికి ప్రాణాంతకం. పశువులు తట్టుకునే మోతాదులో సుమారు పదోవంతు కూడా గుర్రం గుండె కండరాన్ని దెబ్బతీయగలదు. బూజుపట్టిన మొక్కజొన్నలోని ఫ్యూమోనిసిన్ గుర్రం మెదడుకు హాని చేస్తుంది. బూజుపట్టిన వేరుశనగ చెక్కలోని అఫ్లాటాక్సిన్ పాడి పశువు ద్వారా పాలలోకి చేరుతుంది. అందువలన బూజు వాసన గల దాణాను "పశువులకే కదా" అని వాడడం తగదు.

ఆచరణలో

రెండు జాతులను పెంచే చోట మేతలను వేరుగా నిల్వ చేసి, సంచులపై ఏ జంతువుకు ఉద్దేశించినదో రాయాలి. కొత్త మేతను వారం, పది రోజులలో క్రమంగా అలవాటు చేయాలి. అనుమానం కలిగినపుడు పిక్రేటు కాగితం పరీక్షతో సయనైడును పొలం వద్దే గుర్తించవచ్చు. ఆకులు నలిపి సీసాలో ఉంచినపుడు పసుపు కాగితం ఇటుక రంగుకు మారితే ఆ మేతను ఆపివేయాలి. గడ్డి పేరుతో పాటు కోత దశను, మేపే జంతువును కూడా పేర్కొన్నపుడే సిఫారసు సంపూర్ణమవుతుంది.