ఇది సోమరితనం కాదు

ఒక ఇంట్లో ఒక కోడలు ఉంది. తెల్లవారి లేస్తే చాలు, ఒళ్ళంతా నొప్పులు. కల్లాపి చల్లి, రెండు బిందెల నీళ్ళు తెచ్చేసరికి కూలబడిపోతుంది. వేరుశనగ చేనిలో కలుపు తీసేకి పోతే అందరికంటే వెనకబడుతుంది. అందరూ ఉక్కకు అల్లాడుతుంటే ఆమె దుప్పటి కప్పుకుంటుంది. తినేది కొంచెమే, ఒళ్ళు మాత్రం బరువెక్కుతుంది. జుట్టు ఊడిపోతుంది. నెలసరి సరిగ్గా రాదు. వస్తే పది దినాలైనా ఆగదు. రెండుసార్లు కడుపు పోయింది.

"పని చేసేకి దానికి ఒళ్ళు వంగదు" అంటుంది అత్త. "బిడ్డ నిలిచే రాత లేదు" అంటారు ఇరుగు పొరుగు. కొడుక్కు ఇంకో పెళ్ళి చేద్దామనే మాట కూడా లేస్తుంది.

ఇలాంటి ఇల్లు కర్నూలు జిల్లాలో ఉండొచ్చు. కడప జిల్లాలో ఉండొచ్చు. మన వీధిలోనే ఉండొచ్చు.

ఇందులో ఆ కోడలి తప్పు ఏముంది? ఏమీ లేదు. ఆమె గొంతులో ఒక చిన్న గ్రంథి ఉంది. అది సరిగ్గా పని చేయకపోయినా ఈ బాధలన్నీ రావచ్చు. దాని పేరు థైరాయిడ్ గ్రంథి.

థైరాయిడ్ అంటే ఏమిటి?

మీ గొంతు మీద చేయి పెట్టి గుటక వేయండి. గట్టిగా పైకీ కిందికీ కదిలేది స్వరపేటిక. దానికి కొంచెం కింద, సీతాకోకచిలుక రెక్కలు చాచినట్టు ఉండేదే థైరాయిడ్. దీని బరువు రెండు మూడు తులాలకు మించదు. ఆడవాళ్ళకూ ఉంటుంది, మగవాళ్ళకూ ఉంటుంది.

ఈ గ్రంథి ఒక రసం తయారు చేసి నెత్తుటిలోకి వదులుతుంది. ఇలాంటి రసాలను హార్మోన్లు అంటారు. ఊళ్ళో తలారి దండోరా వేస్తే ఆ కబురు ఇంటింటికీ చేరేది కదా! హార్మోను కూడా అంతే. నెత్తురు వెంట పోయి ఒళ్ళంతా కబురు చెబుతుంది.

థైరాయిడ్ చెప్పే కబురు ఏమిటి? "తిన్న తిండిని ఇంత వేగంగా ఖర్చు చేయండి" అని. పొయ్యి సరిగ్గా మండితేనే సంగటి ఉడుకుతుంది. మంట తగ్గితే ఎసరు కాగదు. థైరాయిడ్ హార్మోను తగ్గితే ఒంట్లో మంట తగ్గినట్టే. అందుకే చలి, నీరసం, మలబద్ధకం, ఒళ్ళు ఉబ్బడం. ఆడవాళ్ళకు నెలసరి తప్పుతుంది. గర్భం రావడం ఆలస్యం కావచ్చు. వచ్చిన గర్భం నిలవకపోవచ్చు.

కొందరిలో ఈ మంట ఎక్కువవుతుంది. అప్పుడు గుండె దడ, చేతుల వణుకు, చెమటలు. బాగా తిన్నా మనిషి చిక్కిపోతాడు. అది కూడా థైరాయిడ్ జబ్బే. దానికి వేరే మందు ఉంది.

గొర్రె చేసిన మేలు

ఈ సంగతి మనుషులకు ఎలా తెలిసింది? 1891లో ఇంగ్లండులో జార్జ్ ముర్రే అనే డాక్టరు ఉండేవాడు. ఆయన దగ్గర 46 ఏళ్ళ రోగి ఒకామె ఉండేది. ముఖం ఉబ్బి, మాట మందగించి, ఏ పనీ చేయలేని స్థితిలో ఉండేది. గ్రంథిలోని రసం ఎండిపోతే బయటనుంచి ఇవ్వకూడదా అని డాక్టరు ఆలోచించాడు. గొర్రె థైరాయిడ్ గ్రంథి నుంచి రసం తీసి ఆమెకు సూదితో ఎక్కించాడు. కొన్ని నెలల్లో ఆమె తేరుకుంది. తర్వాత ఆ రసాన్ని నోటి ద్వారానే తీసుకుంది. ఆమె మరో 28 ఏళ్ళు బతికింది. దానికోసం 870కి పైగా గొర్రెల గ్రంథులు వాడాల్సి వచ్చింది.

1927 నాటికి శాస్త్రవేత్తలు ఆ హార్మోనును ప్రయోగశాలలోనే తయారు చేశారు. ఇప్పుడు గొర్రెలతో పని లేదు. అది చిన్న మాత్రగా దొరుకుతుంది.

మన తెలుగు డాక్టరు – ఉప్పు పరీక్ష

థైరాయిడ్ తన హార్మోను తయారు చేయాలంటే అయోడిన్ కావాలి. అది చాలా కొద్దిగా చాలు. ఒక మనిషికి జీవితమంతా కావలసింది ఒక చిన్న చెంచాకు మించదు. కానీ రోజూ అందాలి. అందకపోతే గ్రంథి అయోడిన్ కోసం తంటాలు పడి ఉబ్బుతుంది. గొంతు ముందు గడ్డలా కనిపిస్తుంది. దాన్ని గాయిటర్ అంటారు.

శ్రీకాకుళంలో 1921లో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి విశాఖపట్నంలో వైద్యం చదివాడు. 1956లో ఆయనా, ఆయన తోటి పరిశోధకులూ హిమాలయాల దగ్గర కాంగ్రా లోయలో ఒక పరీక్ష మొదలు పెట్టారు. అక్కడ చాలామందికి గాయిటర్ ఉండేది.

రైతు ఏం చేస్తాడు? కొత్త ఎరువు మంచిదో కాదో తెలియాలంటే ఒక మడికి వేస్తాడు, ఇంకో మడికి వేయడు. రెండూ పోల్చి చూస్తాడు. వీళ్ళూ అట్లే చేశారు. లోయను మూడు భాగాలు చేశారు. రెండు భాగాలకు అయోడిన్ కలిపిన ఉప్పు ఇచ్చారు. మూడో భాగానికి మామూలు ఉప్పు ఇచ్చారు. ఆరేళ్ళకు చూస్తే అయోడిన్ ఉప్పు తిన్న చోట పిల్లల్లో గాయిటర్ సగానికి సగం తగ్గింది. మామూలు ఉప్పు తిన్న చోట తగ్గలేదు. ఆ తర్వాత మూడో భాగానికీ అయోడిన్ ఉప్పు ఇచ్చారు. అక్కడా తగ్గింది.

1962లో దేశమంతటికీ గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలయింది. 2006 మే 17 నుంచి, తినడానికి అమ్మే ఉప్పులో అయోడిన్ ఉండాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది.

మన మెట్ట చేలల్లో పండే జొన్నల్లో, కొర్రల్లో అయోడిన్ ఎంత ఉందో నాలుకకు తెలియదు. అది ఆ నేలను బట్టి ఉంటుంది. అందుకే ఉప్పును నమ్ముకోవాలి.

బిడ్డ మెదడు సంగతి

కడుపులో బిడ్డకు మొదటి మూడు నెలలు సొంత థైరాయిడ్ పని చేయదు. తల్లి హార్మోనే బిడ్డకు ఆధారం. తల్లికి అది బాగా తక్కువైతే బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బ తింటుంది. గర్భిణికి మామూలు వాళ్ళకంటే ఎక్కువ అయోడిన్ కావాలి.

కొందరు బిడ్డలు పుట్టుకతోనే థైరాయిడ్ లోపంతో పుడతారు. వాళ్ళు ఎక్కువగా నిద్రపోతారు. పాలు సరిగ్గా తాగరు. పసిరికలు త్వరగా తగ్గవు. "ఏడవని బిడ్డ, బుద్ధిమంతుడు" అని మురిసిపోతాం. మొదట్లో ఏ గుర్తూ కనిపించకపోవచ్చు కూడా. అందుకే పుట్టిన కొద్ది రోజుల్లోనే మడమ దగ్గర నెత్తురు చుక్క తీసి పరీక్ష చేయించడం మంచిది. రెండు వారాల లోపల మందు మొదలు పెడితే ఆ బిడ్డ అందరి బిడ్డల్లాగే చదువుకుంటాడు. ఆలస్యమైతే పోయిన తెలివి తిరిగి రాదు.

మనం ఏం చేయాలి?

గొంతు దగ్గర వాపు, తగ్గని నీరసం, నెలసరి తేడాలు, గర్భం నిలవకపోవడం – ఇవి ఉంటే ఆసుపత్రికి పోవాలి. టి.ఎస్.హెచ్. అనే రక్తపరీక్ష చేస్తారు. తలలో ఉండే పిట్యూటరీ అనే గ్రంథి థైరాయిడ్‌కు మేస్త్రీ లాంటిది. పనివాడు మందగిస్తే మేస్త్రీ గట్టిగా అరుస్తాడు. ఆ అరుపే టి.ఎస్.హెచ్. అది ఎక్కువగా ఉంటే థైరాయిడ్ మందగించిందని డాక్టరుకు తెలుస్తుంది.

మాత్ర ఇస్తే రోజూ పొద్దున పరగడుపున నీళ్ళతో వేసుకోవాలి. అరగంట దాకా టీ తాగకూడదు. ఐరన్, క్యాల్షియం మాత్రలు నాలుగు గంటల తర్వాతే వేసుకోవాలి. బాగయింది కదా అని సొంతంగా మానేయకూడదు. గర్భం వచ్చినా మానకూడదు. వెంటనే డాక్టరుకు చెప్పాలి. అప్పుడు మోతాదు పెంచాల్సి రావచ్చు.

అందరి జబ్బూ అయోడిన్ లోపం వల్లనే రాదు. కొందరి ఒంట్లో రోగాలతో పోరాడే శక్తే పొరబాటున థైరాయిడ్ మీద పడుతుంది. వాళ్ళకు ఉప్పు మార్చితే చాలదు, మాత్ర కావాలి. అయోడిన్ కోసమని ఉప్పు ఎక్కువ తినకూడదు. రక్తపోటు వస్తుంది.

అంగడికి పోయినప్పుడు ఉప్పు ప్యాకెట్ మీద రాసింది చదవండి. "అయోడిన్" అనే మాట ఉందా చూడండి. మీరు నేర్చిన అక్షరం మీ ఇంటి బిడ్డను కాపాడుతుంది. పశువుల కుడితిలోకి తెచ్చిన రాళ్ళుప్పు కూరలో వేయకండి. ఉప్పును మూత ఉన్న డబ్బాలో, ఎండ, తడి తగలకుండా పెట్టండి. కూర ఉడికిన తర్వాత ఉప్పు వేయండి.

మళ్ళీ ఆ ఇంటికి పోదాం. ఆ కోడలికి కావలసింది తిట్లు కాదు, ఒక రక్తపరీక్ష. తాయెత్తు కట్టించినా సరే, పరీక్ష మాత్రం ఆపకూడదు. బిడ్డలు కలగకపోతే భార్యనే కాదు, భర్తను కూడా పరీక్ష చేయించాలి. అత్తే కోడలి చేయి పట్టుకొని ఆసుపత్రికి తీసుకుపోతే ఆ ఇంటి కథ మారుతుంది.

ఆలోచించండి – మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో వాడే ఉప్పు ప్యాకెట్ మీద ఏమి రాసి ఉంది? చదివి చెప్పండి.
2. కాంగ్రా లోయలో ఒక భాగానికి మామూలు ఉప్పు ఎందుకు ఇచ్చారు?
3. మీ ఊళ్ళో ఎవరినైనా "సోమరి" అనీ, "గొడ్రాలు" అనీ అంటున్నారా? వాళ్ళకు మీరు ఏమి చెబుతారు?