సిగ్నల్ ఫుల్.. నెట్ నిల్! కస్టమ్ రోమ్ వేసిన ఫోన్‌లో డేటా రావట్లేదా? ఏదీ ఫ్లాష్ చేయకముందే ఇవి చూడండి

పైన సిగ్నల్ గీతలన్నీ నిండుగానే ఉంటాయి. కాల్ చేస్తే కలుస్తుంది. కానీ వీడియో నొక్కితే మాత్రం చక్రం అలా తిరుగుతూనే ఉంటుంది. ఇంట్లో వైఫై ఉన్నంతసేపు ఏ తేడా తెలియదు.. బస్సెక్కి యూట్యూబ్ తెరిచాక కానీ మొబైల్ డేటా రావట్లేదన్న సంగతి బయటపడదు. కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసేసి కస్టమ్ రోమ్ వేసుకున్న చాలామందికి మొదటి రోజే ఎదురయ్యే తలనొప్పి ఇది.

ఫోన్ బాగానే ఉంటుంది, కంపెనీ మాత్రం అప్‌డేట్లు ఆపేస్తుంది. అలాంటి ఫోన్లకు కొత్త ఆండ్రాయిడ్ అందించేందుకు డెవలపర్లు సొంతంగా తయారుచేసే సాఫ్ట్‌వేరే కస్టమ్ రోమ్. వీటిలో బాగా తెలిసిన పేరు లీనేజ్‌ఓఎస్. 2016 డిసెంబర్‌లో సయనోజెన్‌మోడ్ మూతపడ్డాక దాని కోడ్ మీదే ఇది మొదలైంది. వేసుకోవడంలో తప్పేం లేదు. కానీ నెట్ రాకపోయేసరికి కంగారుపడి, దొరికిన ఫైలల్లా ఫ్లాష్ చేస్తారు చూడండి.. అసలు నష్టం అక్కడే జరుగుతుంది. పది నిమిషాల్లో సరయ్యే సెట్టింగ్ సమస్య కాస్తా సిమ్మే పట్టని ఫోన్‌గా మారుతుంది.

అందుకే ఏదీ కదపకముందే ఒక్క పని చేయండి. డయలర్‌లో *#06# కొట్టండి. 15 అంకెల ఐఎంఈఐ నంబర్ కనిపించాలి. డ్యుయల్ సిమ్ ఫోనైతే రెండు నంబర్లు వస్తాయి. ఫోన్ బాక్స్ మీదో, బిల్లు మీదో ఉన్న నంబర్‌తో సరిపోల్చుకోండి. సరిపోయిందా? అయితే గుండె నిబ్బరంగా ఉంచుకోండి, మీ సమస్య దాదాపుగా సెట్టింగుల్లోనే ఉంది. అక్కడ ఖాళీగానో, సున్నాలుగానో, నల్ అనో వస్తే మాత్రం మధ్యలో చెప్పేవన్నీ వదిలేసి నేరుగా చివరి భాగం చదవండి.

నూటికి ఎక్కువసార్లు దొంగ ఇక్కడే: ఏపీఎన్

ఏపీఎన్ అంటే మీ ఫోన్ ఆపరేటర్ నెట్‌వర్క్ గుండా ఇంటర్నెట్‌లోకి వెళ్లే గేటు పేరు అనుకోండి. ఆ పేరు తప్పుగా ఉన్నా సిగ్నల్ వస్తుంది, చాలాసార్లు కాల్స్ కూడా వెళ్తాయి, ఎందుకంటే కాల్స్‌కు దారి వేరు. డేటా మాత్రం రాదు. 'సిగ్నల్ ఉంది కదా, నెట్ ఎందుకు రాదు' అనే ప్రశ్నకు సమాధానం ఇదే.

కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో మన దేశపు ఆపరేటర్ల ఏపీఎన్‌లు ముందే పెట్టి ఉంటాయి. కస్టమ్ రోమ్‌లో ప్రపంచంలోని ఆపరేటర్లందరి వివరాలతో ఒక పెద్ద లిస్టు ఫైల్ ఉంటుంది. సిమ్ పెట్టగానే దాని దేశం కోడ్, ఆపరేటర్ కోడ్ చూసి ఫోన్ ఆ లిస్టులో వెతుక్కుంటుంది. మన దేశం కోడ్ 404 లేదా 405తో మొదలవుతుంది. ఆ తర్వాతి అంకెలు ఆపరేటర్‌ను బట్టి, టెలికాం సర్కిల్‌ను బట్టి మారతాయి. రాష్ట్రం విడిపోయినా టెలికాం లెక్కల్లో ఏపీ, తెలంగాణ ఇప్పటికీ ఒకే ఆంధ్రప్రదేశ్ సర్కిల్. బెంగళూరులోనో చెన్నైలోనో తీసుకున్న సిమ్‌కు కోడ్ వేరు. మీ సిమ్ కోడ్ ఆ లిస్టులో లేకపోయినా, పాత వివరాలు ఉన్నా.. గేటు పేరు తప్పుతుంది. ఒకే ఫోన్, ఒకే రోమ్ వేసుకున్న మీ ఫ్రెండ్‌కు నెట్ వచ్చి మీకు రాకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ తెరవండి. సిమ్స్‌లోకి వెళ్లి మీ సిమ్ మీద నొక్కి, కిందికి జరిపితే యాక్సెస్ పాయింట్ నేమ్స్ అని కనిపిస్తుంది. ముందుగా పైనున్న మూడు చుక్కలు నొక్కి రీసెట్ టు డిఫాల్ట్ కొట్టండి. సగంమంది పని దీంతోనే అయిపోతుంది. కాకపోతే ప్లస్ గుర్తు నొక్కి కొత్తది రాసుకోవాలి. జియోకు ఏపీఎన్ గడిలో 'జియోనెట్', ఎయిర్‌టెల్‌కు 'ఎయిర్‌టెల్‌జీపీఆర్‌ఎస్.కామ్', బీఎస్‌ఎన్‌ఎల్‌కు 'బీఎస్‌ఎన్‌ఎల్‌నెట్'. అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా. పేరు గడిలో మీకు నచ్చింది పెట్టుకోండి. ప్రాక్సీ, పోర్ట్, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఖాళీగానే వదిలేయాలి. ఏపీఎన్ టైప్ దగ్గర 'డిఫాల్ట్' ఉండాలి. ప్రోటోకాల్ దగ్గర ఐపీవీ4/ఐపీవీ6 రెండూ కలిసి ఉన్నది ఎంచుకోండి. జియో నెట్‌వర్క్ ఎక్కువగా ఐపీవీ6 మీద నడుస్తుంది కాబట్టి, ఐపీవీ4 ఒక్కటే పెడితే సతాయించవచ్చు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. అన్నీ రాసేసి వెనక్కి వచ్చేస్తారు. మూడు చుక్కలు నొక్కి సేవ్ చేయాలి, ఆ తర్వాత లిస్టులో దాని పక్కనున్న గుండ్రటి గుర్తును ఎంచుకోవాలి. అప్పుడే అది పనిలోకి వస్తుంది. ఒకసారి ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆన్ చేసి తీసేయండి.

ఏ వివరాలు రాయాలో అనుమానంగా ఉందా? అదే సిమ్‌ను ఇంట్లో బాగా పనిచేస్తున్న వేరే ఫోన్‌లో పెట్టి, అందులోని ఏపీఎన్ పేజీని ఫొటో తీసుకోండి. ఆ గడులే ఇక్కడ దించేయండి. దీన్ని మించిన గైడ్ లేదు. పైగా సిమ్ బాగుందో, రీచార్జ్ ఉందో కూడా అక్కడే తేలిపోతుంది.

ఫోన్‌లో నెట్ వస్తోంది, హాట్‌స్పాట్ పెడితే ల్యాప్‌టాప్‌కు రావట్లేదంటే ఏపీఎన్ టైప్‌లో డిఫాల్ట్ తర్వాత కామా పెట్టి 'డన్' అని కూడా చేర్చి చూడండి. మీ రోమ్‌లో టైప్ చేసే గడి బదులు లిస్టు వస్తే అందులో టిక్ పెడితే సరి.

కాల్ వస్తే వీడియో ఆగిపోతోందా?

ఏపీఎన్ సరిగ్గానే ఉన్నా నెట్ రాకపోతే ప్రిఫర్డ్ నెట్‌వర్క్ టైప్ చూడండి. అదే సిమ్ పేజీలో ఉంటుంది. అక్కడ 3జీ పెట్టి ఉంటే జియో సిమ్‌కు ఏమీ రాదు, ఎందుకంటే జియోకు 2జీ, 3జీ అసలు లేవు. 4జీ లేదా 5జీ ఎంచుకోండి. మెనూలో సరైన ఆప్షన్ లేకపోతే డయలర్‌లో *#*#4636#*#* కొడితే ఫోన్ ఇన్ఫర్మేషన్ పేజీ తెరుచుకుంటుంది, అక్కడా మార్చుకోవచ్చు. 'ఎల్‌టీఈ ఓన్లీ' మాత్రం పెట్టి మర్చిపోకండి. వోల్టే పనిచేయని ఫోన్‌లో అలా పెడితే కాల్స్ రావు. ఓటీపీ మెసేజ్‌లూ ఆగిపోవచ్చు.

వోల్టే సంగతి కస్టమ్ రోమ్‌లలో కాస్త పెద్ద కథే. 4జీ మీదే కాల్ మాట్లాడుకునే ఈ సదుపాయానికి ఫోన్‌లో ఐఎంఎస్ అనే భాగం సరిగ్గా ఉండాలి. కొన్ని రోమ్‌లలో అది ఉండదు, లేదా సగమే పనిచేస్తుంది. అప్పుడు జియో సిమ్‌లో నెట్ వస్తుంది కానీ మామూలు కాల్స్ రావు. ఎయిర్‌టెల్ సిమ్‌లో కాల్ రాగానే ఫోన్ 2జీకి జారిపోతుంది, చూస్తున్న వీడియో ఆగిపోతుంది, కాల్ అయిపోయాక మళ్లీ వస్తుంది. ఇది జరుగుతుంటే ఏపీఎన్‌ను తిట్టుకుని లాభం లేదు. ఇందాకటి ఫోన్ ఇన్ఫర్మేషన్ పేజీలోనే ఐఎంఎస్ స్టేటస్ చూడండి. రిజిస్టర్డ్ అని లేకపోతే సిమ్ సెట్టింగ్స్‌లో వోల్టే ఆన్ చేసి చూడండి. ఆ బటనే లేదంటే ఆ రోమ్ మీ ఫోన్‌కు పూర్తిగా సిద్ధం కాలేదని అర్థం.

5జీ ఫోన్‌లో 4జీ మాత్రమే చూపిస్తోందన్న ఫిర్యాదూ తరచూ వినిపిస్తుంది. జియో 5జీ స్టాండలోన్ పద్ధతిలో నడుస్తుంది, అంటే దానికి 4జీ ఆసరా ఉండదు. రోమ్‌లో ఆ పద్ధతి ఆన్ అయి లేకపోతే జియో 5జీ కనపడదు. వీడియో చూడ్డానికి 4జీ సరిపోతుంది, దీని కోసం ఫోన్‌ను ప్రమాదంలో పెట్టొద్దు.

4జీ గుర్తు పక్కన ఆశ్చర్యార్థకం ఉంటే

గుర్తు వచ్చిందంటే గేటు దాటినట్టే. ఆ తర్వాత ఏదో అడ్డుపడుతోంది. ముందు ప్రైవేట్ డీఎన్‌ఎస్ చూడండి. యాడ్స్ రాకుండా ఉండాలని ఎప్పుడో ఒక అడ్రస్ పెట్టి ఉంటారు, ఆ సర్వర్ పనిచేయకపోతే ఏ సైటూ తెరుచుకోదు. ఆటోమేటిక్ పెట్టేయండి. వీపీఎన్ ఉంటే 'వీపీఎన్ లేకుండా కనెక్షన్ వద్దు' అనే ఆప్షన్ ఆఫ్ చేయండి. రూట్ చేసి ఫైర్‌వాల్ యాప్ వేసుకున్నవాళ్లు దాన్నీ ఆపి చూడాలి. తేదీ, టైమ్ కూడా ఒకసారి చూసుకోండి. రోమ్ వేశాక గడియారం ఏళ్ల వెనక్కి వెళ్లి ఉంటే, సైట్ల సెక్యూరిటీ సర్టిఫికెట్లు చెల్లవని ఫోన్ అనుకుంటుంది. వాట్సాప్ కూడా తేదీ సరిచేసుకోమంటుంది.

ఒక్క యాప్‌కే నెట్ రావట్లేదంటే లీనేజ్‌ఓఎస్ వాడేవాళ్లు చూడాల్సిన చోటు ఒకటుంది. యాప్ ఇన్ఫోలో మొబైల్ డేటా అండ్ వైఫై పేజీలో, ఆ యాప్‌కు మొబైల్ డేటా వేరుగా ఆపేసే బటన్ ఉంటుంది. ఎప్పుడో చెయ్యి తగిలి ఆఫ్ అయి ఉంటుంది.

ఇక వీడియో ప్రియులకు ఒక మాట. నెట్ వేగంగానే ఉన్నా కొన్ని ఓటీటీ యాప్‌లలో బొమ్మ మసకగా వస్తుంటే అది డేటా సమస్య కాకపోవచ్చు. బూట్‌లోడర్ అన్‌లాక్ చేస్తే కొన్ని ఫోన్లలో వైడ్‌వైన్ అనే కాపీ రక్షణ స్థాయి ఎల్1 నుంచి ఎల్3కి పడిపోతుంది. అప్పుడు నెట్‌ఫ్లిక్స్ లాంటి యాప్‌లు హెచ్‌డీ ఇవ్వవు. ఎంత పెద్ద రీచార్జ్ చేయించినా బొమ్మ మారదు. యూట్యూబ్‌లో మామూలు వీడియోలు మాత్రం హెచ్‌డీలోనే వస్తాయి, తేడా ఇలా కనిపెట్టొచ్చు.

ఐఎంఈఐ కనిపించకపోతే..

అసలు జాగ్రత్త అవసరమైంది ఇక్కడే. ఐఎంఈఐ కనిపించనంత మాత్రాన పోయినట్టు కాదు. రేడియోను నడిపే మోడెమ్ సాఫ్ట్‌వేర్ కంపెనీది, కస్టమ్ రోమ్‌లో చాలాసార్లు అది ఉండదు. ఫోన్‌లో ఉన్నదాన్నే రోమ్ వాడుకుంటుంది. రోమ్ అడిగే వెర్షన్ ఒకటి, ఫోన్‌లో ఉన్నది మరొకటి అయితే మోడెమ్ లేవదు. అబౌట్ ఫోన్‌లో ఆండ్రాయిడ్ వెర్షన్ మీద నొక్కి బేస్‌బ్యాండ్ చూడండి. 'అన్‌నోన్' అని ఉంటే ఇదే కారణం కావచ్చు. మీ మోడల్‌కు, మీ దేశం వేరియంట్‌కు చెందిన కంపెనీ ఫర్మ్‌వేర్‌ను, రోమ్ సూచనల్లో చెప్పిన వెర్షన్‌నే వేయాలి. చాలాసార్లు ఐఎంఈఐ దానంతటదే తిరిగొస్తుంది. పేరు ఒకటే కదా అని చైనా మోడల్ ఫైల్ వేస్తే ఉన్నదీ పోతుంది.

ఐఎంఈఐ, నెట్‌వర్క్ సర్దుబాట్ల వివరాలు ఫోన్‌లో ఒక ప్రత్యేక విభాగంలో ఉంటాయి. శాంసంగ్‌లో ఈఎఫ్‌ఎస్, క్వాల్‌కామ్ చిప్ ఫోన్లలో మోడెమ్ఎస్‌టీ1, మోడెమ్ఎస్‌టీ2, మీడియాటెక్‌లో ఎన్‌వీర్యామ్. రికవరీలో అన్నీ తుడిచేసే ఊపులో ఇది కూడా చెరిగిపోతే, ముందే బ్యాకప్ తీసుకున్నవాళ్లకు తప్ప మిగిలినవాళ్లకు ఇబ్బందే. వేరేవాళ్ల ఫోన్ బ్యాకప్ తెచ్చి వేస్తే వాళ్ల నంబర్ మీ ఫోన్‌లోకి వస్తుంది. అది పరిష్కారం కాదు, నేరం.

'ఐఎంఈఐ రాసిస్తాం, అరగంట పని' అనే షాపుల జోలికి వెళ్లొద్దు. ఏ నంబర్ రాస్తారో మీకు తెలియదు. దొంగతనం కేసులో ఉన్న ఫోన్ నంబరే కావచ్చు. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం 42వ సెక్షన్ ప్రకారం ఇలాంటి గుర్తింపు నంబర్లను మార్చితే మూడేళ్ల వరకు జైలు, రూ.50 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మార్చిన నంబర్ అని తెలిసి ఆ ఫోన్ దగ్గర పెట్టుకున్నా చిక్కే. బిల్లు, బాక్స్ తీసుకుని కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌కే వెళ్లండి. వారంటీ లేదంటారు, డబ్బులు అడుగుతారు, ఒక్కోసారి బోర్డే మార్చాలంటారు. అయినా దారి అదే.

సెకండ్ హ్యాండ్‌లో కస్టమ్ రోమ్ వేసిన ఫోన్ కొంటున్నారా? డబ్బులు ఇవ్వకముందే *#06# కొట్టి చూడండి. ఇంగ్లీషులో కేవైఎం అని మూడు అక్షరాలు, ఖాళీ వదిలి ఐఎంఈఐ నంబర్ టైప్ చేసి 14422కు మెసేజ్ పంపండి. ఆ నంబర్ ఏ మోడల్‌దో జవాబు వస్తుంది. చేతిలో ఉన్నది రెడ్‌మీ, జవాబులో వేరే కంపెనీ పేరుంటే ఆ ఫోన్ అక్కడే వదిలేసి రండి.