కుక్కపిల్ల కావాలన్న కోరిక వయసెంత?

అరకు కొండల్లోని గూడేల్లో కుక్క ఒక్కరి సొత్తు కాదు. పగలు పోడు దాకా మనుషుల వెంట నడుస్తుంది, రాత్రి నచ్చిన అరుగు మీద పడుకుంటుంది, చోడంబలి ఎవరు పోస్తే వాళ్లదవుతుంది. అక్కడి పిల్లలు చదువు కోసం చిన్న వయసులోనే ఆశ్రమ పాఠశాలకు వెళ్తారు. అమ్మ, ఇల్లు, కొండ, కుక్క అన్నీ ఒకేసారి దూరమవుతాయి. ‘నాకే నాకు ఒక కుక్కపిల్ల’ అన్న కల అలాంటి చోట పుడితే ఆశ్చర్యం లేదు. నడివయసులోనూ ఆ కల మనసును ఎందుకు పట్టుకుని ఉంటుంది?

దీని వేళ్లు చాలా లోతుకు వెళ్తాయి. జర్మనీలోని బాన్ దగ్గర ఒబర్‌కాసెల్‌లో 1914లో సుమారు 14,000 ఏళ్ల నాటి సమాధి బయటపడింది. అందులో ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, వాళ్లతోపాటు ఏడు నెలల కుక్కపిల్ల. 2018లో దాని పళ్లను పరీక్షించిన శాస్త్రవేత్తలకు డిస్టెంపర్ జబ్బు ఆనవాళ్లు కనిపించాయి. మనుషుల సేవ లేకుండా అది వారాల తరబడి బతికి ఉండదని వాళ్ల నిర్ధారణ. వేటకు, కాపలాకు పనికిరాని ఆ జబ్బు పిల్లకు ఎవరో నీళ్లు పట్టారు, వెచ్చగా ఉంచారు. అప్పటికి మనిషి ఇంకా వ్యవసాయమే మొదలుపెట్టలేదు. నాకు ఈ ఒక్క సమాధి చాలు, కుక్క మీద ప్రేమ నేటి పట్నపు మోజు కాదని నమ్మడానికి.

సేద్యం వచ్చాక కుక్క ఒళ్లు కూడా మన తిండికి అలవాటుపడింది. పిండిపదార్థాన్ని అరిగించే ఒక జన్యువుకు తోడేలులో మామూలుగా 2 నకళ్లుంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నాయని 2013లో తేలింది. గూడెం కుక్కకు అంబలి వంటబట్టడం వెనకున్న సంగతి ఇదే.

ఇక కళ్లు. కుక్క, యజమాని ఒకరినొకరు చూసుకుంటూ ఉంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందని జపాన్ శాస్త్రవేత్తలు 2015లో చూపించారు. తల్లీబిడ్డల బంధంలో పనిచేసేదీ ఈ హార్మోనే. మనుషులు పెంచిన తోడేళ్లలో ఆ పెరుగుదల కనిపించలేదు. కనుబొమను లోపలివైపు పైకెత్తి దీనంగా చూసే కండరం కూడా కుక్కల్లో బలంగా ఉంటుంది, తోడేళ్లలో దాదాపు లేదు.

మరి ఆ కల నడివయసు దాకా ఎందుకు నిలుస్తుంది? మెదడులో కోరుకోవడం, ఆనందించడం ఒకటి కావు. డోపమిన్ అనే మెదడు రసాయనం ప్రధానంగా కోరికను నడుపుతుంది. అందుకే చేతికి అందనిది కూడా మనసును బలంగా లాగగలదు. పైగా జ్ఞాపకం గుర్తొచ్చిన ప్రతిసారీ కొంత కొత్తగా అల్లుకుంటుంది. కలలోని కుక్కపిల్ల ఎన్నడూ కరవలేదు, జబ్బుపడలేదు, చావలేదు. ఏటేటా అందంగా పెరుగుతూనే ఉంటుంది. అయినా ఆశ్రమ పాఠశాలలో ఆ కల కన్న పిల్లవాడి ఒంటరితనం మాత్రం నిజం. తోడు కోసం చాచిన ఆ చేతిని చిన్నతనపు మారాం అని కొట్టిపారేయడం తప్పు.

ఇవాళ మీ ఇంట్లో పసివాళ్లు కుక్కపిల్లను అడిగితే ఖరీదైన విదేశీ జాతి కోసం వెతకకండి. మన ఊరకుక్క పిల్ల ఈ నేలకు, ఈ వాతావరణానికి అలవాటుపడినది. ఎనిమిది వారాలు నిండేదాకా దాన్ని తల్లి నుంచి విడదీయకండి. మూడో నెలలో రేబిస్ టీకా వేయించండి, ఆ తర్వాత పశువైద్యుడు చెప్పినప్పుడల్లా మళ్లీ వేయించండి. ఏ కుక్క కరిచినా, గీరినా గాయాన్ని పదిహేను నిమిషాలపాటు సబ్బుతో, ధారగా పడే నీటితో కడిగి, అదే రోజు ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. కరిచిన వెంటనే, లక్షణాలు రాకముందే సరైన వైద్యం, టీకా అందితే దాన్ని దాదాపు ఎప్పుడూ ఆపవచ్చు.