మోచేతి గాయము – బాహుధమని రక్షణ

గుజరాతు రాష్ట్రమందలి సూరత్తు నగరము వస్త్ర పరిశ్రమకు ప్రసిద్ధి చెందినది. తెలంగాణ జిల్లాలనుండి పెక్కు నేతపని కుటుంబములు అచ్చటికి వలసపోయి మరమగ్గముల నాశ్రయించి జీవించుచున్నవి. మన సంక్రాంతిని అచ్చట ఉత్తరాయణమందురు. జనవరి 14వ తేదీన డిండోలి వంటి పేటలలో పిన్నలు, పెద్దలు డాబాలపై చేరి గాలిపటము లెగురవేయుదురు. ఈ వేడుకయందు రెండు ప్రమాదములు పొంచియుండును: పదునైన మాంజా దారము చేతిని లోతుగా కోయుట, డాబాపైనుండి పడిన బిడ్డకు మోచేయి విరుగుట. రెండింటివలనను బాహుధమనికి హాని కలుగవచ్చును.

గుండెనుండి వెడలిన రక్తమును చేతికి చేర్చు పెద్ద నాళమే బాహుధమని. ఇది చంకనుండి దండచేతి లోపలివైపుగా దిగి, మోచేతి మడతను దాటి రెండు శాఖలుగా చీలును. బొటనవ్రేలి వైపున నున్న శాఖనే వైద్యుడు మణికట్టువద్ద నాడిగా పట్టి చూచును. మోచేతి ముందువైపున ఈ ధమని ఎముకకు చేరువగా నుండుటచే, విరిగిన ఎముక మొన దానిని చీల్చవచ్చును, లేదా నొక్కివేయవచ్చును.

ధమని తెగినచో ఎఱ్ఱని రక్తము ఎగజిమ్మును. అపుడు శుభ్రమైన గుడ్డను గాయముపై నుంచి గట్టిగా అదిమిపట్టవలెను. మాటిమాటికి తీసి చూడరాదు. అప్పటికిని రక్తము ఆగనిచో, గాయమునకు పైన వెడల్పైన గుడ్డపట్టీని బిగించి, బిగించిన వేళను వైద్యునకు తెలుపవలెను. సన్నని త్రాడు వాడరాదు.

ఎముక విరిగినపుడు రక్తము వెలికి కానరాదు. కావుననే అశ్రద్ధ కలుగును. చేయి పాలిపోయి చల్లబడుట, నాడి అందకుండుట, వ్రేళ్ళు తిమ్మిరెక్కుట, వ్రేళ్ళను చాపినంతనే భరింపరాని నొప్పి కలుగుట అపాయ చిహ్నములు. నాడి అందినంత మాత్రమున అపాయము లేదని తలచరాదు. ప్రక్కనున్న చిన్న నాళములద్వారా కొంత రక్తము ప్రవహించుచుండవచ్చును.

ఇట్టి చేతికి బిగుతుగా నాటుకట్టు కట్టించుట మిక్కిలి హానికరము. రక్తప్రసారము నిలిచినచో ముంజేతి కండరములు నశించి వ్రేళ్ళు శాశ్వతముగా కొంకర్లు పోవును. బిగుతైన కట్టువలన కలుగు ఈ దుస్థితిని జర్మను శస్త్రవైద్యుడు రిచర్డ్ ఫాన్ ఫోల్క్‌మన్ 1881లోనే వివరించెను. చేతిని కదలనీయక అట్టముక్క ఆనించి, గాజులు, తాయెత్తులు తీసివేసి, 108కు ఫోను చేసి ఆసుపత్రికి చేర్చవలెను.

రక్తము అందనిచో కండరములు సుమారు ఆరు గంటలకు మించి నిలువజాలవు. ఆ లోపుగా చేరిన రోగికి శస్త్రవైద్యులు తెగిన ధమనిని కుట్టుదురు. చాలనిచో కాలినుండి సిరను తీసి అతుకుదురు. రక్తనాళములను కుట్టు పద్ధతిని రూపొందించినందుకు అలెక్సిస్ కారెల్‌కు 1912లో నోబెలు బహుమానము లభించినది.

నైలాను మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతట నిషేధించినది. సాదా నూలుదారము వాడుట, పిట్టగోడ లేని డాబాలపైకి బిడ్డలను పోనీయకుండుట అందరి కర్తవ్యము. నేతపనివానికి చేయియే జీవనాధారము. గాయపడిన తొలి గంటలలోని జాగ్రత్తయే ఆ చేతిని కాపాడును.