నూతన గ్రంథ విమర్శనము

‘విమర్శ’ యను మాటకు లోకవ్యవహారమున నింద యను అర్థము స్థిరపడిపోయినది. ఒకనిని విమర్శించితిమన్నచో వానిని దూషించితిమని వినువారు తలంచెదరు. చక్కగా పరిశీలించుట, ఆలోచించి చూచుట అనునదే ఆ పదమునకు నిజమైన యర్థము. ఈ వ్యాసమున క్రొత్తగా వెలువడు గ్రంథములను విమర్శించువారి పనిని గూర్చి కొంత ముచ్చటింప దలచితిమి.

ప్రాచీన కావ్యమును విమర్శించుట యొకవిధముగా సుకరము. మనుచరిత్రమును మనము మెచ్చినను, తప్పు పట్టినను దానికి వచ్చిన కొరత లేదు. అది యైదువందల యేండ్లుగా నిలిచియున్నది. నిన్న అచ్చుకూటమునుండి వచ్చిన గ్రంథమునకో, తొలి సమీక్షయే జాతకచక్రము. దానిని చూచి తల్లిదండ్రులు పిల్లలకు ఆ పుస్తకమును కొనియిత్తురు, లేదా మానుదురు. గ్రంథాలయమువారు బీరువాలో చోటిత్తురు, లేదా త్రోసిపుచ్చుదురు. క్రొత్త రచయిత రెండవ గ్రంథమును వ్రాయునో మానునో యనునదియు ఒక్కొకసారి దానిపైననే యాధారపడియుండును.

క్రీ.శ. 900 ప్రాంతమున కన్యాకుబ్జపు రాజాస్థానమునందుండిన రాజశేఖరకవి ‘కావ్యమీమాంస’ యను సంస్కృత గ్రంథమున విమర్శకులను భావకులని పేర్కొని, వారిని నాలుగు తెగలుగా విభజించినాడు. మొదటివాడు అరోచకి. అరుచి పట్టినవానికి పంచభక్ష్యములు వడ్డించినను రుచింపనట్లు, ఈతనికి ఏ కావ్యమును రుచింపదు. రెండవవాడు సతృణాభ్యవహారి, అనగా గడ్డితో గూడ మ్రింగువాడు. అన్నమేదో, అందు పడిన గడ్డిపరక యేదో యీతనికి పట్టదు. అచ్చుపడిన ప్రతి గ్రంథమును అమోఘమనును. మూడవవాడు మత్సరి, గుణము కంటబడినను అసూయచే నోరు విప్పడు. నాల్గవవాడు తత్త్వాభినివేశి, అసలు విషయమునందు మనసు నిలిపి గుణదోషములను విడదీయగలవాడు. ఇట్టివాడు వేయిమందిలో నొక్కడు దొరకిన దొరకవచ్చునని రాజశేఖరుని యభిప్రాయము. పదకొండు వందల యేండ్లు గడచినను ఈ లెక్క మారినట్లు మాకు తోచదు. నేడు రెండవ తెగవారే యధికమని మా యనుమానము. అరోచకిని జనులు వెంటనే గుర్తింతురు గాన వానివలన కీడు తక్కువ. గడ్డి మ్రింగువాడు సజ్జనునివలె కానవచ్చును గాన వానిచేత మోసపోవుట సులభము.

రాజశేఖరుడు చెప్పని యైదవ తెగ యొకటి గలదు. గ్రంథమును పూర్తిగా చదువకయే తీర్పు చెప్పువారు ఆ తెగవారు. దీనికి ఆంగ్ల సాహిత్య చరిత్రమున ప్రసిద్ధమైన నిదర్శన మున్నది. 1818లో జాన్ కీట్సు అను యువకవి ‘ఎండిమియన్’ అను కావ్యమును ప్రకటించెను. అప్పటికి అతనికి ఇరువది రెండేండ్లు. కావ్యమున నాలుగు భాగములున్నవి. ఆ యేటనే ‘క్వార్టర్లీ రివ్యూ’ పత్రికలో సంతకము లేని సమీక్ష యొకటి వెలువడెను. వ్రాసినవాడు జాన్ విల్సన్ క్రోకరు. మొదటి భాగమును దాటి చదువలేకపోయితినని తానే యందు చెప్పుకొని, కావ్యమును ఎగతాళి చేసెను. 1821లో కీట్సు రోమునగరమున క్షయవ్యాధిచే మరణించెను. ఆ సమీక్షయే యాతనిని చంపినదని షెల్లీ కవి నమ్మి లోకమును నమ్మించెను. ఇది కట్టుకథతో సమానము. కీట్సు తమ్ముడును క్షయవ్యాధికే బలియైనాడు. పైగా, పరుల నిందకంటె తన కృతిని తాను పరీక్షించుకొనుటవలన కలిగిన బాధయే యెక్కువయని కీట్సు ఒక జాబులో వ్రాసియున్నాడు. ఆ కావ్యము అపరిపక్వమని పీఠికలోనే యొప్పుకొనినాడు. క్రోకరు చూపిన దోషములలో కొన్ని నిజమైనవే. అయినను నాలుగింట మూడు పాళ్లు విడిచి వ్రాసినందున, ఆ నిజములకును విలువ లేకపోయినది.

సమీక్ష యెవరికొరకు అను ప్రశ్నపై వర్జీనియా వుల్ఫు అను రచయిత్రి 1939లో ‘రివ్యూయింగ్’ అను చిన్న పుస్తకమును ప్రకటించెను. ఆమె తానే ముప్పది యేండ్లకు పైగా సమీక్షలు వ్రాసినది. సమీక్షకులకు మారుగా, గ్రంథసారమును క్లుప్తముగా వ్రాసి, నచ్చినచో నక్షత్రపు గుర్తు, నచ్చనిచో కత్తి గుర్తు వేయు నొక యుద్యోగి చాలునని యామె సూచించెను. రచయితలు మాత్రము వైద్యునివద్దకు పోవునట్లు, రుసుము చెల్లించి విమర్శకునివద్ద ఏకాంతమున సలహా పొందవచ్చుననెను. ఆ పుస్తకము చివరనే ఆమె భర్త లెనార్డు వుల్ఫు తన యసమ్మతిని చేర్చినాడు. సమీక్షకుని పని రచయితకు బోధించుట కాదనియు, పాఠకునకు గ్రంథమెట్టిదో తెలుపుటయనియు ఆయన వాదము. మేము ఆయన పక్షము. నక్షత్రపు గుర్తు తీర్పును చెప్పునే గాని, కారణమును చెప్పదు.

మన భాషలో కారణము చెప్పు విమర్శకు దారి చూపినవారిలో కట్టమంచి రామలింగారెడ్డిగారు ముఖ్యులు. 1914లో వెలువడిన ‘కవిత్వతత్త్వ విచారము’న వారు పింగళి సూరన కళాపూర్ణోదయమును పరీక్షించి, కథాసంవిధానము, పాత్రపోషణము, భావనాశక్తి యను వానిని తూకమునకు పెట్టిరి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1924లో స్థాపించిన ‘భారతి’ 1991 వరకు నడచి, నూతన గ్రంథముల మంచిచెడ్డలకు చోటిచ్చినది. కడపనుండి 1968లో ‘సంవేదన’ను వెలువరించిన రాచమల్లు రామచంద్రారెడ్డిగారు మొగమాటమెరుగని విమర్శకులని పేరుగాంచిరి. వారి కాఠిన్యము కొందరికి కష్టము కలిగించినను, మొగమాటమే మన సమీక్షలకు పట్టిన పెద్ద తెగులు గనుక అట్టి చేదుమందు అవసరమే. రచయిత మిత్రుడు, పుస్తకము ఉచితముగ వచ్చినది, రేపు మన గ్రంథమును వారు సమీక్షింపవలసియున్నది. ఇక సత్యమునకు చోటెక్కడ? గ్రంథమున మొదటనే అచ్చువేయు పెద్దల యభిప్రాయములను కొంచెము మార్చి సమీక్షగా పంపువారిని గూడ మేమెరుగుదుము.

మా విద్యార్థులు క్రొత్త పుస్తకమును గూర్చి వ్రాయ బూనినపుడు, మొదట దానిని తుదిదాక చదువవలెను. రచయిత యేమి చేయదలచినాడో గ్రహించి, అది నెరవేరినదో లేదో చూడవలెను. బాలల కథలు వ్రాసినవానిని వేదాంతము లేదని నిందింపరాదు. కథ విసుగు పుట్టించినచో ఏ పుటలో, ఎందుచేత పుట్టించినదో చూపవలెను. మెచ్చుకోలునకును ఇదే నియమము. కథ ముగింపును మాత్రము బయటపెట్టరాదు. తుదిని ధర, పుటల సంఖ్య, గ్రంథము దొరకు చోటు తప్పక చేర్పవలెను. దూరగ్రామములనుండి పుస్తకములు తెప్పించుకొనువారు మొట్టమొదట వెదకునది ఆ పంక్తినే.