అంతర్జాల విస్తరణ - సమష్టి కృషి

సికింద్రాబాదు నుండి కాచిగూడ వైపు సాగే రైలుమార్గంలో సీతాఫల్‌మండి ఒక చిన్న స్టేషను. దాని తరువాతది ఆర్ట్స్ కాలేజి స్టేషను. ఇక్కడ దిగి ఉస్మానియా విశ్వవిద్యాలయానికి నడిచే విద్యార్థుల చేతిలో నేడు పుస్తకంతోపాటు ఫోను కూడా ఉంటుంది. పాఠాలు, పరీక్షా ఫలితాలు, ఉద్యోగ ప్రకటనలు అన్నీ అందులోనే లభిస్తున్నాయి. ఆ సమాచారమంతా గాలిలో తేలివచ్చినట్లు తోస్తుంది. నిజానికి అది టవరు నుండి ఫోను వరకే గాలిలో వస్తుంది. అంతకుముందు వందల కిలోమీటర్ల దూరం గాజుపోగుల వెంట పయనిస్తుంది. వీటినే ఆప్టికల్ ఫైబర్ అంటారు. తలవెంట్రుకవలె సన్నని ఆ పోగులో సమాచారం కాంతిరూపంలో ప్రవహిస్తుంది.

ఈ తీగను కొనడం కంటె దానిని పరచడమే ఎక్కువ వ్యయంతో కూడిన పని. కందకాలు తవ్వాలి, రహదారులు దాటించాలి, అనుమతులు పొందాలి. నాలుగు సంస్థలు ఒకే వీధిని నాలుగుసార్లు తవ్వితే ధనం వృథా, ప్రజలకు ఇక్కట్లు. కనుక ఉన్న దారినే పదిమందీ పంచుకోవడం వివేకం.

2000లో ఏర్పడిన రైల్‌టెల్ సంస్థ రైలుపట్టాల వెంట తీగలు పరచింది. పవర్‌గ్రిడ్ సంస్థ తన విద్యుత్ లైన్లనే ఇందుకు వినియోగించింది. 2007లో వ్యాపారంలో ప్రత్యర్థులైన ఎయిర్‌టెల్, వొడాఫోన్, ఐడియా సంస్థలు టవర్ల నిర్వహణకై ఇండస్ టవర్స్ అనే ఉమ్మడి సంస్థను స్థాపించాయి. వినియోగదారుని కోసం పోటీ, టవరు కోసం పొత్తు!

అయితే లాభం కనిపించని మారుమూల పల్లెకు ఏ వ్యాపారసంస్థా తనంతట తాను వెళ్ళదు. ఆ బాధ్యతను ప్రభుత్వం వహించవలసి వచ్చింది. సుమారు రెండున్నర లక్షల గ్రామపంచాయతీలను కలిపే పథకాన్ని కేంద్రం 2011లో ఆమోదించింది. బి.ఎస్.ఎన్.ఎల్., రైల్‌టెల్, పవర్‌గ్రిడ్ సంస్థలు దాని నిర్మాణాన్ని పంచుకున్నాయి. 2015లో దానికి భారత్‌నెట్ అని పేరు మారింది. టెలికాం సంస్థలు తమ ఆదాయం నుండి చెల్లించే రుసుముతో ఏర్పడిన నిధి దీనికి ఆధారం. 2024 నుండి ఆ నిధిని డిజిటల్ భారత్ నిధి అంటున్నారు.

తెలుగునేలపైనా ఇదే సూత్రం ఫలించింది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ సంస్థ కరెంటు స్తంభాల మీదుగా సుమారు 24 వేల కిలోమీటర్ల తీగను లాగింది. 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దానిని ప్రారంభించారు. తెలంగాణలో మిషన్ భగీరథ మంచినీటి గొట్టాల కోసం తవ్విన కందకాలలోనే టి-ఫైబర్ గొట్టాలనూ అమర్చారు. ఒక తవ్వకంతో రెండు దాహాలు తీర్చే ప్రయత్నమిది.

ఇంతటితో పని ముగిసిందనుకోరాదు. తీగ పంచాయతీ కార్యాలయం చేరినంత మాత్రాన ప్రతి ఇంటికీ చేరినట్లు కాదు. ఎక్కడో ఒకచోట తీగ తెగితే ఊరంతా మూగబోతుంది. కరోనా మూలంగా కళాశాలలు మూతపడిన 2020లో ఏజెన్సీ విద్యార్థులు సిగ్నలు కోసం గుట్టలెక్కి పాఠాలు విన్నారు. నగరంలోని తోటివారికి ఇంట్లోనే అందిన చదువు వారికి కొండెక్కితేగాని అందలేదు. ఒకవైపు తెగినా మరొకవైపు నుండి సమాచారం అందేలా తీగలను వలయాకారంలో కలపడం 2023లో ఆమోదం పొందిన సవరించిన భారత్‌నెట్ పథకంలో ఒక ముఖ్యాంశం.

నన్నయ ఆరంభించిన భారతాన్ని తిక్కన, ఎఱ్ఱన పూరించారు. ముగ్గురి కృషితోనే అది తెలుగువారి సొత్తయింది. అంతర్జాలమూ అటువంటి ఉమ్మడి కృషియే. సీతాఫల్‌మండిలో దిగే విద్యార్థికి అందే పాఠం అదే వేళకు అడవిపల్లెలోని విద్యార్థికీ అందిననాడే ఆ కృషి సంపూర్ణమవుతుంది.